మస్టరు పైకి చదివితే

ఉపాధి హామీ పనిని మన పల్లెల్లో కరువు పని అంటారు, వంద రోజుల పని అంటారు. ఆ పనికి వెళ్లిన మనిషి గురించి ప్రభుత్వం దగ్గర మిగిలే కాగితం మస్టరు. అందులో వరసగా పేర్లు, జాబ్ కార్డు నంబర్లు, పేరుకెదురుగా రోజుకో గడి, చివర సంతకమో వేలిముద్రో ఉంటాయి. ఆఫీసులో కూర్చున్న ఆడిటరు ఆ కాగితానికి వంక పెట్టడం కష్టం. గళ్లు కూడితే మొత్తం సరిపోతుంది. మొత్తం బిల్లుతో సరిపోతుంది. బిల్లు కొలతల పుస్తకంతో సరిపోతుంది. వేలిముద్ర ఎవరిదో మాత్రం కాగితం చెప్పదు. చనిపోయిన మనిషి, బెంగళూరుకు వలసపోయిన మనిషి, జన్మలో పార పట్టని మోతుబరి కొడుకు, ముగ్గురూ ఆ కాగితం మీద ఆరు రోజులూ పనికొచ్చినవాళ్లే కావచ్చు. అదే కాగితాన్ని ఆ వాడలో, ఆ మనుషుల మధ్య నిలబడి పైకి చదివితే మాత్రం నిలవదు. "వాడా? వాడు పోయి రెండేళ్లయింది గదా!" అనడానికి ఒక్క ముసలమ్మ చాలు.

ఆఫీసు ఆడిట్ కాగితాన్ని కాగితంతో పోల్చి చూస్తుంది. సామాజిక తనిఖీ కాగితాన్ని మనిషితో పోల్చి చూస్తుంది. ఈ చిన్న సూత్రం మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఒక పెద్ద వ్యవస్థను కట్టారు. ప్రజల చేతికి అధికారం ఇవ్వాలన్న ఉపన్యాసాలు మనం కావలసినన్ని విన్నాం. ఆ అధికారం చదువురాని ఒక కూలీ చేతికి నిజంగా అందాలంటే ఎంత నైపుణ్యం కావాలో ఈ పనిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మగ్గం పని చేసిన రవికను తిరగేసి చూస్తాం చూడండి, అలా చూడాలి దీన్ని. కుట్టు ఎంత గట్టిదో వెనకవైపే తెలుస్తుంది.

ఈ వ్యవస్థకు విత్తనం రాజస్థాన్‌ది. రాజ్‌సమంద్ జిల్లా దేవ్‌డూంగ్రీ అనే పల్లెను ఇల్లుగా చేసుకుని 1990లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, 1994 డిసెంబరులో కోట్ కిరాణా అనే ఊళ్లో మొదటి జన్ సున్వాయ్ (బహిరంగ విచారణ) జరిపింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్, వాళ్లతో కలిసి నడిచిన కూలీలు, రైతులు ఎలాగో సంపాదించిన ప్రభుత్వ లెక్కల్ని జనం ముందు పెట్టారు. ఆ కాగితాలు చేతికి రావడమే గగనమైంది కనుక పోరాటం కాగితాల కోసమే నడిచింది. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. ఆ దారి చివరికి 2005 నాటి సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం తన 17వ సెక్షన్‌లో పనుల మీద సామాజిక తనిఖీ జరిపే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. మస్టర్లు, బిల్లులు, వోచర్లు, కొలతల పుస్తకాలు, మంజూరు ఉత్తర్వుల నకళ్లు అన్నీ సభ ముందు పెట్టాలని చెప్పింది.

2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. కరువుకు పుట్టిల్లు లాంటి జిల్లాలో కరువు పని చట్టం మొదలవడం తగినదే. అదే ఏడాది అదే జిల్లాలో పెద్దఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. రాజస్థాన్‌లో ఉద్యమం వెళ్లి ప్రభుత్వం తలుపు తట్టాల్సి వచ్చింది. ఇక్కడ ప్రభుత్వమే తలుపు తీసి, పని నేర్పడానికి ఆ ఉద్యమంలోని వాళ్లనే పిలిచింది. అప్పటి గ్రామీణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి కొప్పుల రాజు దీనికి అండగా నిలిచారు. రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసి వచ్చిన సౌమ్య కిడాంబి తర్వాత దీని పగ్గాలు పట్టారు. 2009లో తనిఖీ కోసమే విడిగా ఒక సొసైటీ నమోదైంది. పథకం ఖర్చులో అర శాతం దానికి కేటాయించారు. ఈ అర శాతం గురించి జనం పెద్దగా మాట్లాడుకోరు కానీ, కట్టడానికి పునాది అదే. తనిఖీకి వచ్చినవాడు దారి ఖర్చులకు తాను తనిఖీ చేయాల్సిన ఆఫీసరు ముందే చేయి చాపితే ఇక తనిఖీ ఏముంటుంది?

ఇక పనితనంలోకి వద్దాం. మొదట, తనిఖీ చేసేది ఎవరు? నగరం నుంచి వచ్చిన చార్టర్డ్ అకౌంటెంట్లు కారు. కూలి కుటుంబాల్లోనే పుట్టి, పదో ఇంటరో చదివిన అమ్మాయిలు, అబ్బాయిలు. వాళ్లను ఎంచి, చట్టమేమిటో, మస్టరు ఎలా ఉంటుందో, కొలత ఎలా వేస్తారో కొద్ది రోజులు నేర్పి ఊళ్లకు పంపుతారు. వాళ్లను నడిపించే జిల్లా స్థాయి రిసోర్స్ పర్సన్లు వేరే చోట్ల నుంచి వస్తారు. ఎవరూ సొంత ఊరిని తనిఖీ చేయరు. ఈ అమరిక ఎంత లోతుగా ఆలోచించి చేసిందో చూడండి. సొంత ఊరైతే పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు మేనమామ కొడుకో, పక్కింటివాడో అవుతాడు. మరీ దూరపువాళ్లయితే కూలీ నోరు విప్పడు. పొరుగూరి కూలీ బిడ్డ అయితే ఆ భయం ఉండదు, ఈ మొహమాటమూ ఉండదు. మట్టి తట్ట మోయడమంటే ఏమిటో ఆ పిల్లకు తెలుసు. ఇంట్లో అమ్మ జాబ్ కార్డు చూసే పెరిగింది.

రెండోది తిండి సంగతి. తనిఖీ బృందం అధికారుల ఆతిథ్యం తీసుకోదు. ఊళ్లోనే ఉండాలి, బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పడుకోవాలి, కూలీల ఇళ్లలో తినాలి. చూడ్డానికి ఇది సన్యాసుల నియమంలా ఉంటుంది. మన పల్లెల్లో తిండికి ఉన్న బరువు తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఒకరి ఇంట టీ తాగితే వాళ్ల మాట తీసెయ్యలేం. సర్పంచి ఇంట్లో భోంచేసి వచ్చిన మనిషిని మాలపల్లెలో ఎవరూ నమ్మి మాట్లాడరు. అదే మనిషి తమ ఇంటి చాప మీద కూర్చుని తమ సంగటి తింటే, ఆ ఇంటి గడప దాటే లోపలే సగం సంగతులు వాళ్లంతట వాళ్లే చెప్పేస్తారు. చట్టం పుస్తకంలో ఈ నియమం దొరకదు. ఊళ్లు తిరిగినవాళ్ల అనుభవంలోంచి వచ్చింది ఇది.

మూడోది అసలు పని, ఇంటింటి తనిఖీ. ఉమ్మడి రాష్ట్రంలో మస్టర్లూ చెల్లింపులూ మొదటినుంచీ కంప్యూటరెక్కాయి. అందువల్ల బృందం ఊళ్లో కాలు పెట్టే ముందే ఎవరి పేరు మీద ఏ పనిలో ఎన్ని రోజులు పడ్డాయి, ఎంత డబ్బు పోయింది అన్నది కుటుంబాలవారీగా ఒక పట్టికలో చేతికొస్తుంది. ఆ పట్టిక పట్టుకుని ప్రతి ఇంటికీ వెళ్లాలి. నమూనాకు పదిళ్లు చూసి వచ్చెయ్యడం కుదరదు, మస్టరులో పేరున్న ప్రతి కుటుంబాన్నీ కలవాలి. జాబ్ కార్డు తీయించాలి, పాసుపుస్తకం తీయించాలి, మనిషి మాట వినాలి, మూడింటినీ పట్టికతో సరిచూడాలి.

ఇక్కడ అడిగే తీరులోనే ఉంది విద్య అంతా. "మే నెలలో ఎన్ని రోజులు పని చేశావమ్మా?" అంటే ఏ కూలీ చెప్పలేదు. తారీఖులు ఆమె జ్ఞాపకంలో ఉండవు. ఊరి చెరువులో పూడిక తీసింది గుర్తుంటుంది. ఫలానావాళ్ల చేలో ఫారంపాండ్ తవ్వేటప్పుడు రాయి తగిలి పార వంగింది గుర్తుంటుంది. జాతర ముందు వారం పని లేదన్నది గుర్తుంటుంది. ఏ పని, ఎవరితో కలిసి, పండగకు ముందా తర్వాతా, చేతికి డబ్బు ఎంత వచ్చింది అని తీగ లాగుతూ పోతే రోజులు వాటంతట అవే తేలతాయి. కాగితంలో పన్నెండు రోజులు, మనిషి నోట ఆరు రోజులు అని తేలిన చోట తేడా రాసుకుంటారు. ఆమె చెప్పింది ఆమె భాషలోనే రాసి, తిరిగి ఆమెకు చదివి వినిపించి, కిందన వేలిముద్ర వేయిస్తారు. మస్టరు మీద ఎవరో దొంగిలించి వేసిన వేలిముద్రకు, అసలు మనిషి తన వేలితో ఇచ్చిన జవాబు ఆ వాంగ్మూలం.

ఇళ్లు అయ్యాక పని జరిగిన చోటికి వెళ్తారు. టేపు పట్టి కందకం పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. కొలతల పుస్తకంలో రాసిన అంకెలతో పోలుస్తారు. మట్టి పనిలో దొంగతనానికి ఒక సదుపాయం ఉందని పల్లెలో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఒక మంచి వాన పడితే కట్ట కొట్టుకుపోయిందనొచ్చు, గుంత పూడిపోయిందనొచ్చు. చెరువులో నీళ్లు నిండాక అడుగున పూడిక తీశారో లేదో ఎవరు చూడొచ్చారు? అందుకే వీళ్లు టేపు మీద ఒక్కదాని మీదే ఆధారపడరు. ఆ పనిలో ఉన్నామన్నవాళ్లను ఆ చోటికే తీసుకొచ్చి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా తవ్వారో నడిచి చూపించమంటారు.

ఇవన్నీ ముందు ఊళ్లో గ్రామసభలో చదువుతారు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. రెండు మెట్లు ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఊరి స్వభావంలో ఉంది. ఊళ్లో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. రేపు పని ఇవ్వాల్సింది ఆ ఫీల్డ్ అసిస్టెంటే, పింఛను కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆ సర్పంచే. అక్కడ ఒంటరిగా లేచి మాట్లాడటానికి గుండె చాలదు. మండల కేంద్రంలో మండలంలోని ఊళ్లన్నీ ఒకే షామియానా కింద కూర్చుంటాయి. పక్క ఊరి ఆడమనిషి మైకు పట్టుకుని తన పాసుపుస్తకం ఊపుతూ అడిగితే, ఈ ఊరి ఆడమనిషికి ధైర్యం వస్తుంది. పై అధికారి ఎదురుగా ఉంటాడు, విలేకరులు ఉంటారు. వాంగ్మూలం ఇచ్చినవాళ్లను ఇంటికెళ్లి బెదిరించి మాట మార్పించేవాళ్లు ఉంటారని తెలుసు కనుక, ఇంటింటి తనిఖీకీ ప్రజావేదికకూ మధ్య ఎక్కువ రోజులు పోనివ్వరు. ఇంత చిన్న వ్యవధిని కూడా లెక్కలోకి తీసుకున్నవాళ్లను మెచ్చుకోకుండా ఉండలేం.

ప్రజావేదికలో నివేదికను పంచాయతీల వారీగా, ఒక్కో అంశంగా, తెలుగులో పైకి చదువుతారు. ఆరోపణ వచ్చినవాడికి అక్కడే జవాబు చెప్పే అవకాశం ఉంటుంది. అతను చెప్పింది నిజమైతే అదీ రాస్తారు. తనిఖీ బృందం శిక్ష వేయదు, వేయమని అడగదు కూడా. తాను కనుక్కున్నది చెప్పి ఊరుకుంటుంది. నిర్ణయం వేదిక మీద కూర్చున్న అధికారిది: ఎవరి దగ్గర ఎంత రాబట్టాలి, ఎవరిని తీసెయ్యాలి, ఏది మళ్లీ విచారించాలి. తేల్చేవాళ్లను, తీర్పు చెప్పేవాళ్లను ఇలా వేరు చేయడం వల్ల తనిఖీ చేసే పిల్లల మీద కక్ష ఆరోపణ నిలవదు. వాళ్ల చేతిలో కత్తి లేదు, అద్దం మాత్రమే ఉంది. పైగా ఇది ఒక్కసారి జరిగి ముగిసే తంతు కాదు. ఆరు నెలలకోసారి మళ్లీ రావాలని నియమం పెట్టుకున్నారు. పోయినసారి నిర్ణయాలు ఎంతవరకు అమలయ్యాయో ఈసారి అడుగుతారు.

ఈ పని దేశానికి ఒక నమూనా అయింది. 2011లో కేంద్రం, ప్రభుత్వ ఖాతాల ఆడిటరైన కాగ్‌తో సంప్రదించి తనిఖీ నియమాలు తెచ్చి, ప్రతి రాష్ట్రం ఆరు నెలలకోసారి ప్రతి గ్రామ పంచాయతీలో సామాజిక తనిఖీ జరిగేలా చూడాలంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2012లో దీనికి సొంత చట్టం చేసుకుంది. 2017లో మేఘాలయ ఇంకో అడుగు ముందుకేసి, ఉపాధి హామీ ఒక్కటే కాకుండా అనేక ప్రజాసేవలను సామాజిక తనిఖీ కిందికి తెస్తూ చట్టం చేసింది. రాష్ట్రం రెండయ్యాక ఇక్కడ రెండు సొసైటీలు ఆ పనిని కొనసాగించాయి.

ఇంత మెచ్చుకున్నాక లోపం చెప్పకపోతే అది పరిచయం కాదు, పొగడ్త అవుతుంది. ఫర్జానా అఫ్రీదీ, వెగార్డ్ ఇవర్సెన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాల్లో మూడు వందల పంచాయతీల తనిఖీ నివేదికలను వరసగా చదివి 2014లో ఒక పత్రం ప్రచురించారు. తనిఖీలు అక్రమాలను బాగా పట్టుకుంటున్నాయి. కానీ తనిఖీల మీద తనిఖీలు జరిగినా అక్రమాల సంఖ్య తగ్గలేదు. సులువుగా దొరికిపోయే రకం దొంగతనం తగ్గి, పట్టుకోవడం కష్టమైన రకం పెరిగింది. తేలిన డబ్బులో చాలా భాగం వసూలు కాలేదు. పట్టుబడినవాళ్లలో అసలైన శిక్ష పడినవాళ్లు అతి తక్కువ. అంటే ఊరు తన పని తాను చేసింది. వేదిక మీదివాళ్లు తమ పని చేయలేదు.

ఆ పత్రాన్ని తనిఖీకి వ్యతిరేకంగా వాడేవాళ్లున్నారు. నేను దానికి ఒప్పుకోను. దొంగ తన దారి మార్చుకున్నాడంటే పాత దారిలో కాపలా గట్టిగా ఉందనే కదా. కూలీల పేరు మీద దొంగ మస్టరు వేయడం కష్టమయ్యాక, సామగ్రి బిల్లుల వైపు మళ్లారు. సిమెంటు బస్తాలు ఎన్ని వచ్చాయో వాడలో ఏ ముసలమ్మా చెప్పలేదు. కాపలా ఇంకా ఎక్కడ పెట్టాలో ఆ లోపమే చూపిస్తోంది.

నన్ను ఎక్కువ బాధపెట్టే లోపం వేరే ఉంది. చట్టం ప్రకారం ఏ పనులు చేయాలో ఎంచుకోవడంలో గ్రామసభ మాటకు బరువుండాలి. మన దగ్గర పథకం నడిచింది మండల అధికారి కింద ఫీల్డ్ అసిస్టెంట్ల చేతుల మీదుగా. ఎన్నికైన పంచాయతీలు పక్కన నిలబడి చూశాయి. 2011లో పంచాయతీల గడువు ముగిశాక 2013 జూలైలో ఎన్నికలు జరిగేదాకా ఊళ్లకు సర్పంచులే లేరు. ఆ రెండేళ్లూ తనిఖీలు జరుగుతూనే ఉన్నాయి. జరిగిన ఖర్చును నిలదీసే హక్కు ఊరికి వచ్చింది. ఏ చెరువు తవ్వాలి, ఏ బాట వేయాలి అని ముందే చెప్పే హక్కు ఆ మేరకు రాలేదు. లెక్క అడగగలిగే ఊరు పని ఎంచుకోలేదా? పొరుగూరి పిల్లల్ని ఇంటింటికీ పంపి, మస్టరు విప్పి, మనిషి జ్ఞాపకంలోంచి రోజుల్ని తోడి తీసినంత ఓపికతో, అంతే నేర్పుతో, పనులు ఎంచుకునే సభను కూడా కట్టి ఉండాల్సింది. ప్రజావేదికలో నిర్ణయం చెప్పే బల్ల దగ్గర అధికారుల పక్కన కూలీల ప్రతినిధులకూ కుర్చీ వేసి ఉండాల్సింది. పనితనం అక్కడ ఆగిపోయింది. అద్దం పట్టగలిగిన చేతికి కలం కూడా ఇవ్వాలి.

అయినా ఈ పనిలో నిలిచిపోయేది ఒకటుంది. సర్కారు కాగితం అంటే చేతులు కట్టుకుని నిలబడటం అలవాటైన వాడల్లో, ఆ కాగితం ఆఫీసరు సొంతం కాదని, దాన్ని చదివించుకుని తప్పు పట్టే హక్కు తమదేనని వేలమంది కూలీలు ఒక్కసారైనా కళ్లారా చూశారు. ఆ తనిఖీ పట్టిక పట్టుకుని ఊళ్లు తిరిగిన పిల్లలు మళ్లీ ఎప్పుడూ సర్కారు ఆఫీసు గుమ్మం బయట బిక్కుబిక్కుమంటూ నిలబడరు.

మీ మండలంలో ప్రజావేదిక ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఉదయమే వెళ్లండి, మీ పంచాయతీ వంతు వచ్చేదాకా ఉండండి. మస్టరు చదివేటప్పుడు పేర్లు జాగ్రత్తగా వినండి.